పద్నాలుగో రాయి

కార్గిల్ కొండల మీద యుద్ధం జరుగుతున్న ఆ జూన్ నెలలో శామీర్‌పేట చెరువు నీళ్లు మోకాలి లోతుకు దిగిపోయాయి. చేప లేదు. వలలు దండేల మీద ఎండిపోతున్నాయి. ఇస్తారి కూలికి పోక తప్పలేదు.

ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. ఏడో తరగతి దాకా చదివాడు. అంకెలు తప్పు లేకుండా, గుండ్రంగా రాస్తాడు. భూములు కొలిచే నర్సయ్య సారుకు అలాంటి మనిషే కావలసి వచ్చాడు. నర్సయ్య సర్కారు సర్వే ఆఫీసులో పనిచేసి రిటైరై, గాజులరామారంలో ఇల్లు కట్టుకుని ఉంటున్నాడు. ప్లాట్లు చేసి అమ్మేవాళ్లు పిలిస్తే వచ్చి భూములు కొలిచిపెడతాడు. ఆ నెల మేడ్చల్ లక్ష్మణ్ పటేలు చెరువు వెనక ముప్పై ఎకరాలు కొన్నాడు. ఆ భూమికి ఒక పక్క చెరువు, ఒక పక్క మిలిటరీ గోదాముల గోడ. రెండు నిలువుల ఎత్తున్న రాతి గోడ, పైన గాజు పెంకులు. లోపల ఏముందో ఆ చుట్టుపక్కల ఎవరూ చూసి ఎరగరు.

ఆ మంగళవారం నర్సయ్య భూమి కొలిచే గొలుసు తేలేదు. జీపులోంచి సబ్బు పెట్టెంత నల్లటి మిషన్ ఒకటి తీశాడు. ముందు వైపు చిన్న అద్దం, దాని కింద నాలుగు మీటలు. బావమరిది సింగపూర్ నుంచి తెచ్చాడట.

"ఇగ గొలుసు గుంజుడు లేదు ఇస్తారీ. హద్దురాయి కాడ నిలబడు. అద్దంల అంకెలు వస్తయి. అవి బుక్కుల రాసుకో. రాయి మీద ఎర్ర రంగుతోని నంబరెయ్యి. గంతే."

"అంకెలు యాడికెల్లి వస్తయి సారూ?"

"పైకెల్లి. ఆకాశంల ఇరవై నాలుగు ఉపగ్రహాలు తిరుగుతున్నయి. భూమ్మీద నువ్వు యాడున్నవో అవే జెప్తయి."

ఇస్తారి తలెత్తి చూశాడు. ఎండ తప్ప ఏమీ కనబడలేదు. నర్సయ్యకు మోకాళ్ల నొప్పులు. రోడ్డు పక్కన జీపు నీడలో కూర్చుని, మిషనూ నోటుబుక్కూ రంగు డబ్బా ఇస్తారి చేతికిచ్చి పంపాడు.

పదమూడు రాళ్లు పూర్తయ్యాయి. పద్నాలుగో రాయి గోడకు నాలుగడుగుల దూరంలో ఉంది. అక్కడికి వచ్చేసరికి కాలిలో తుమ్మముల్లు దిగింది. ఇస్తారి గోడకు వీపు ఆనించి కూర్చుని ముల్లు తీసుకున్నాడు. ఎదురుగా చెరువు. బురదలో కొంగలు వరసగా నిలబడి ఉన్నాయి. అద్దంలో అంకెలు నిలిచాక బుక్కులో రాసుకుని, రాయి మీద పద్నాలుగు వేసి లేచాడు.

పదిహేనో రాయి చేరకముందే వెనకనుంచి హిందీలో గట్టిగా కేక వినపడింది. ముగ్గురు జవాన్లు. ఒకడు తుపాకీ ఎత్తి ఉన్నాడు. ఇస్తారి రెండు చేతులూ పైకెత్తాడు. ఒక చేతిలో మిషన్, ఒక చేతిలో ఎర్ర రంగు కుంచె.

"మా సారు ఆడ ఉన్నడు, జీపు కాడ," అంటూ రోడ్డు వైపు చూపించాడు.

జవాన్లు అటు చూశారు. అతనూ చూశాడు. కరీంనగర్ రోడ్డు వైపు పోతున్న జీపు వెనక దుమ్ము లేస్తోంది.

*

పొద్దు వాలకముందే అతన్ని పోలీసులకు అప్పగించారు. ఠాణా వెనక ఒక గది ఉంది. పట్టుకొచ్చిన సైకిళ్లు, విరిగిన కుర్చీలు పడేసే గది. అందులో ఉంచారు. అరెస్టు అని రాయలేదు. విచారణ అన్నారు. కిటికీ తల కంటే ఎత్తులో ఉంది. దానిలోంచి చూస్తే అవతలి బియ్యం దుకాణం గోడ, ఆ గోడ ఇటుకలు. అంతే.

మర్నాడు పట్నం నుంచి ఒకాయన వచ్చాడు. యూనిఫారం లేదు. మెత్తగా మాట్లాడతాడు. ఆయన పేరు ఎవరూ చెప్పలేదు. బల్ల మీద పెద్ద మ్యాపు పరిచాడు కాబట్టి ఇస్తారి మనసులో ఆయనకు మ్యాపు సారు అని పేరు పెట్టుకున్నాడు.

"ఈ అంకెలు నువ్వు రాసినవే కదా?"

"నేనే రాసిన సార్."

"మిషన్‌లో చూసి రాశావా, నీ ఇష్టమొచ్చినట్టు రాశావా?"

"చూసే రాసిన. ఒక్క అంకె గుడ తప్పు పోలే."

"నిలబడిన చోటే రాశావా? తర్వాత ఎక్కడో కూర్చుని రాశావా?"

"రాయి కాడ్నే రాసిన సార్."

మ్యాపు సారు పెన్సిల్ పెట్టి పద్నాలుగో నంబరు ఎదుట ఉన్న అంకెలు చదివాడు. పదిహేడు డిగ్రీలు, ముప్పై ఐదు నిమిషాలు, ఆ తర్వాత ఏవో పాయింట్లు. మ్యాపు మీద ఎర్ర సిరాతో ఒక చుక్క పెట్టాడు.

"ఇదిగో. నువ్వు నిలబడ్డ చోటు. గోడకు అరవై గజాలు లోపల."

ఇస్తారికి మొదట అర్థం కాలేదు. ఆయన చూపుడు వేలితో గోడ గీత చూపించి, ఆ గీత దాటి లోపల ఉన్న చుక్కను చూపించాడు. చుక్క పక్కన రెండు పొడుగాటి గోదాములు గీసి ఉన్నాయి.

"నేను గోడ దుంకలే సార్. అంత ఎత్తు గోడ ఎట్ల దుంకుత?"

"అదే నేను అడిగేది. ఎట్ల దుంకినవ్?"

తను చెప్పిన మూడు మాటలూ నిజాలే. ఆ మూడూ కలిసి వల బిగిసినట్టు బిగిసిపోయాయి. ఏ ఒక్కటి వెనక్కి తీసుకున్నా అబద్ధమాడినట్టు అవుతుంది.

పని చెప్పింది నర్సయ్య సారని, భూమి లక్ష్మణ్ పటేలుదని చెప్పాడు. పోలీసులు లక్ష్మణ్‌ను అడిగారు. భూమి కొలవమన్న మాట నిజమే, గొలుసుతో కొలుస్తారనుకున్నాను, మిషన్ సంగతి నాకు తెలియదు అని ఆయన రాసిచ్చాడు. నర్సయ్య ఇంటికి తాళం ఉందన్నారు.

*

ఇస్తారి భార్య యమున మూడో రోజు పొద్దున్నే మేడ్చల్ వెళ్లింది. లక్ష్మణ్ పటేలు వాకిట్లో పార్టీ జెండా కట్టిన కారు ఉంది. ఆయన అప్పుడే బయలుదేరుతున్నాడు.

"పటేలా, మా ఆయన మీ పని మీదనే పోయిండు. ఒక్కసారి వచ్చి గదే మాట ఠాణాల చెప్పుండ్రి."

"అది దేశం ముచ్చట యమునా. దొంగతనం, కొట్లాట అయితే నేనే వచ్చి ఇడిపిస్తుంటి. లడాయి టైముల మిల్ట్రీ కేసుల నేను నోరు తెరిస్తే నా ప్లాట్లు పోతయి, నేను గుడ పోత."

కారు వెళ్లిపోయింది. యమున గేటు పట్టుకుని అలాగే నిలబడింది. లోపలి నుంచి లక్ష్మణ్ తల్లి ఇందిరమ్మ కర్ర ఊతంతో మెల్లగా వచ్చింది. కొడుకు మాటలన్నీ ఆమె విన్నది.

"నర్సయ్య ఇంటికి తాళమేం లేదు బిడ్డా. నిన్న మాపు గుడ మావోనికి ఫోన్ జేసిండు. గాజులరామారంల గుట్ట దిక్కు, నీళ్ల ట్యాంకు ఎనుక పచ్చ గేటు ఇల్లు. నేను జెప్పిన్నని మాత్రం అనకు."

యమున అక్కడి నుంచే గాజులరామారం పోయింది. పచ్చ గేటు లోపల నర్సయ్య చెప్పులున్నాయి. భార్య వచ్చి, ఆయన ఊళ్లో లేడంది. యమున వెనక్కి పోలేదు. గేటు ముందు నేల మీద కూర్చుంది. ఫ్యాక్టరీకి పోయేవాళ్లు సైకిళ్లు ఆపి చూసిపోతున్నారు. పక్కింటామె నీళ్లు తెచ్చి ఇచ్చి, ఏమైందని అడిగింది. యమున గట్టిగానే చెప్పింది. రెండో మనిషి అడిగితే ఇంకా గట్టిగా చెప్పింది. మధ్యాహ్నం అయ్యేసరికి నర్సయ్యే బయటికి వచ్చి గేటు తీశాడు. రెండు రోజులుగా గడ్డం గీసుకోలేదు.

"లోపటికి రా. ఈడ కూసుండకు."

లోపల కుర్చీలో కూర్చోబెట్టి, బీరువాలోంచి ఒక చిన్న పుస్తకం తీశాడు. మిషన్‌తో పాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకం. ఒక పేజీలో నాలుగు లైన్ల కింద పెన్సిల్‌తో గీత కొట్టి ఉంది.

"ఇస్తారి లోపటికి పోలేదని నాకెర్క. మిషిన్ గట్ల జూపెట్టింది. ఇది మామూలు సామాను కాదు బిడ్డా. ఆకాశంల ఉపగ్రహాలను అమెరికా మిల్ట్రీ తన కోసం పెట్టుకున్నది. వాళ్ల బాంబులు గురి తప్పొద్దని, వాళ్ల ఓడలు దారి తప్పొద్దని. బయటోళ్లు గుడ వాడుకోవచ్చన్నరు. కానీ దుష్మన్లు వాడుకుంటే ఎట్ల? అందుకని బయటోళ్లకు వచ్చే లెక్కను కావాల్నని ఊపుతరు. వంద మీటర్ల దాక తప్పు జూపెట్టొచ్చని ఈ బుక్కులనే రాసి ఉన్నది."

"ఎవలు రాసిండ్రు?"

"మిషిన్ జేసినోళ్లే."

యమున పుస్తకాన్ని తిప్పి తిప్పి చూసింది. ఒక్క అక్షరం తెలియదు.

"గీ సంగతి నీకు ముందుగాల ఎర్కనా సారూ?"

"ఎర్కనే. చెరువు పొంటి ప్లాట్లకు గా తప్పు ఓ లెక్క గాదనుకున్న. సగటు దీసి సరిజేద్దామనుకున్న."

"ఎర్క ఉండి గోడ పక్కపొంటి మా ఆయన చేతికి ఎట్లిచ్చినవ్?"

నర్సయ్య నేల చూపులు చూశాడు. "నేనొస్తే నన్ను గుడ లోపలేస్తరు. బిల్లు లేదు, పర్మిషన్ లేదు, ఏం లేదు ఆ మిషిన్‌కు. ఈ బుక్కు తీస్కపో. నేనిచ్చిన్నని మాత్రం చెప్పకు," అన్నాడు.

అదే రోజు ఇద్దరు ఆమెకు సాయం చేశారు, ఇద్దరూ తమ పేరు చెప్పొద్దన్నారు. యమున పుస్తకాన్ని కొంగులో ముడివేసుకుని బస్సెక్కింది.

*

ఠాణాలో సర్కిల్ సారు ఆ పుస్తకాన్ని తెరవనైనా లేదు. "ఇంగ్లీషు బుక్కు దెచ్చినవ్. సదివి జెప్పు మరి," అని నవ్వి తిరిగి ఆమె చేతిలో పెట్టేశాడు. అన్నం డబ్బా మాత్రం లోపలికి పంపించాడు. ఇస్తారిని చూడనివ్వలేదు.

లోపల ఇస్తారికి పొద్దు గడవడం ఒక యాతన. కొట్టడం మొదటి రోజు రెండు దెబ్బలతో సరి. తర్వాత ఎవరూ చెయ్యి వెయ్యలేదు. అడగడమే. పొద్దున సర్కిల్ సారు, మధ్యాహ్నం మ్యాపు సారు, మళ్లీ అదే పద్నాలుగో నంబరు. ముందు గదిలో రేడియో పెట్టేవాళ్లు. కొండల మీద చనిపోయిన జవాన్ల పేర్లు చదువుతుంటే ఠాణా అంతా నిశ్శబ్దమైపోయేది. మొదటి రెండు రోజులు బీడీ ఇచ్చిన కానిస్టేబుల్ ఒకడు ఉండేవాడు. నాలుగో రోజు వార్తలయ్యాక వచ్చి తలుపు దగ్గర నిలబడి ఇస్తారిని చూశాడు. బీడీ ఇవ్వలేదు. చూసి వెళ్లిపోయాడు. ఆ చూపు తర్వాత ఇస్తారికి అన్నం దిగలేదు.

ఐదో రోజుకు అతనికి తన మీదే అనుమానం మొదలైంది. ఆకాశంలో తిరిగేవి చెప్తున్నాయి. చదువుకున్న సార్లు చెప్తున్నారు. మ్యాపు చెప్తోంది. తను ఒక్కడే కాదంటున్నాడు. ఎండదెబ్బకు సోయి తప్పి ఎక్కడైనా గోడ పడిపోయిన చోట లోపలికి నడిచానా? రంగు డబ్బా పట్టుకుని, కళ్లు చీకట్లు కమ్మి, తెలియకుండా? అలా ఆలోచిస్తూ పోతే నిజంగానే గోదాముల తలుపులు కంటికి కనబడటం మొదలైంది. ఏనాడూ చూడని తలుపులు.

ఆరో రోజు మధ్యాహ్నం సర్కిల్ సారు కుర్చీ వేయించి కూర్చోబెట్టాడు. చాయ్ తెప్పించాడు. ఎదుట ఒక కాగితం పెట్టాడు.

"చూడు ఇస్తారీ, నువ్వు గూఢచారివని నేనంటలేను. తెల్వక పోయినవ్. తెల్వక గోడ దాటి లోపటికి పోయిన అని సంతకం వెట్టు. చిన్న కేసు. నెల రోజుల్ల బెయిలొస్తది. లేకపోతే పెద్దోళ్లు పట్నం తీస్కపోతరు. ఆడికి పోతే ఎప్పుడొస్తవో నేను జెప్పలేను."

ఇస్తారి పెన్ను తీసుకున్నాడు. చాయ్ పొగలు కక్కుతోంది. తలుపు తెరిచే ఉంది. ముందు గదిలోంచి రోడ్డు, రోడ్డు మీద పోయే ఆటో కనబడ్డాయి. ఒక్క సంతకం. కాగితం మీద చెయ్యి పెట్టి, ఎక్కడ పెట్టాలో చూస్తుండగా పాదం నొప్పి పెట్టింది. ముల్లు గుచ్చుకున్న చోటు చీము పట్టింది.

ముల్లు ఎక్కడ తీసుకున్నాడు? గోడకు ఆనుకుని. అప్పుడు ఎదుట ఏముంది?

"సార్," అన్నాడు. "నాకు చెరువు కనబడ్డది సార్."

"ఏం చెరువు?"

"పద్నాలుగో రాయి కాడ కూసుంటే ఎదురుంగ చెరువు కనబడ్డది. కొంగలు కనబడ్డయి. గోడ లోపల్నుంచి చెరువు ఎట్ల కనబడ్తది సార్? అంత ఎత్తు గోడాయె."

సర్కిల్ సారు ముఖం గట్టిపడింది. "అంటే మిషిన్ అబద్ధం జెప్తాంది?"

"అది నాకెర్క లేదు. నేనైతే చెరువు జూసిన."

పెన్ను బల్ల మీద పెట్టాడు. చాయ్ తాగలేదు. తీసుకెళ్లి మళ్లీ సైకిళ్ల గదిలో వేశారు. తలుపు గొళ్లెం పడిన చప్పుడు వినగానే ఇస్తారికి ఏడుపొచ్చింది. ఎంత పని చేశాను, సంతకం పెట్టి ఉంటే పోయేది అని గంటసేపు తనను తాను తిట్టుకున్నాడు.

*

ఠాణా ఎదురుగా దుర్గాబాయి చాయ్ డబ్బా కొట్టు. యమున రోజూ అక్కడే కూర్చుంటోంది. దుర్గాబాయికి ఠాణాలోకి ఎవరు వచ్చేదీ ఎవరు పోయేదీ తెలుసు. ఏడో రోజు ఒక మిలిటరీ జీపు వచ్చి ఆగింది. అందులోంచి మీసాలు నెరిసిన ఒకాయన దిగాడు.

"ఆయన సుబేదారు," అంది దుర్గాబాయి. "వైర్‌లెస్ మిషిన్ల పని ఆయనదే. మీ ఆయన కాడ దొరికినదాన్ని చూసి రాసిపోనీకి వచ్చిండు. తెలుగాయనే. మొన్నొచ్చినప్పుడు చాయ్ తాగి మాట్లాడిండు. పో, ఇప్పుడే పో."

యమున కొంగు విప్పుకుంటూ పరుగెత్తింది. ఠాణా మెట్ల మీద ఆయనకు అడ్డం నిలబడి పుస్తకం చాచింది.

"సారూ, గీ మిషిన్ తప్పు జెప్తదని గీ మిషిన్ జేసినోళ్లే రాసిండ్రట. మీరు సదువుండ్రి. నాకు సదువు రాదు. తప్పని లేకుంటే లేదని జెప్పుండ్రి, నేను ఇంటికి పోత."

సుబేదారు పేరు వెంకటేశ్వరరావు. తెనాలి దగ్గరి మనిషి. మెట్ల మీదే నిలబడి, కళ్లజోడు పెట్టుకుని, గీత కొట్టిన లైన్లు చదివాడు. మళ్లీ చదివాడు.

"ఇది ఎవరిచ్చారమ్మా నీకు?"

"ఎవలో ఇచ్చిండ్రు."

ఆయన ఇంకేమీ అడగలేదు. పుస్తకం తీసుకుని లోపలికి వెళ్లాడు. లోపల అరగంట మాటలు జరిగాయి. మ్యాపు సారు గొంతు మొదటిసారి పెద్దగా వినిపించింది.

ఎనిమిదో రోజు పొద్దున ఇస్తారి చేతికి బేడీ వేసి జీపెక్కించారు. పట్నం తీసుకుపోతున్నారనే అనుకున్నాడు. జీపు చెరువు వైపు తిరిగింది. పద్నాలుగో రాయి దగ్గర ఆగింది. రాయి మీద ఎర్ర అంకె చెదరలేదు. మ్యాపు సారు వంగి చూశాడు.

"అంకె ఎప్పుడైనా వేయొచ్చు," అన్నాడు.

"వేయొచ్చండి," అన్నాడు సుబేదారు. "అందుకే ఇతని మాట వద్దు, నా మాటా వద్దు. మిషన్‌నే అడుగుదాం."

మిషన్‌లో సెల్లులు అయిపోయి ఉన్నాయి. కానిస్టేబుల్ వెళ్లి కిరాణా కొట్టులో నాలుగు సెల్లులు కొనుక్కొచ్చాడు. సుబేదారు వాటిని వేసి, మిషన్‌ను రాయి మీద పెట్టి, అందరినీ రెండడుగులు వెనక్కి జరగమన్నాడు. ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు. ఐదు నిమిషాలకోసారి తను అంకెలు చదువుతాడు, మ్యాపు సారు తన చేత్తో రాసుకుని మ్యాపు మీద తన చేత్తోనే చుక్క పెట్టాలి.

మొదటి చుక్క గోడకు ఇవతల పడింది. రెండోదీ ఇవతలే. మ్యాపు సారు సుబేదారు ముఖంలోకి చూశాడు. మూడోది గోడ గీత మీద పడింది. నాలుగోది లోపల. ఐదోది ఇంకా లోపల, మొన్నటి ఎర్ర చుక్కకు దగ్గర్లోనే. మిషన్ రాయి మీదే ఉంది. రాయి భూమిలోనే ఉంది. చుక్క మాత్రం నడుస్తోంది. గంట గడిచేసరికి అది మళ్లీ గోడ దాటి బయటికొచ్చింది, ఇటు పక్కకు జరిగింది, జరిగి జరిగి చెరువు గీత దాటింది.

"ఇప్పుడు మనమందరం నీళ్లలో ఉన్నామండి," అన్నాడు సుబేదారు. ఒక కానిస్టేబుల్ నవ్వాపుకోలేక అటు తిరిగాడు.

మ్యాపు సారు పెన్సిల్ కింద పెట్టాడు. "ఇది పాడైందేమో," అన్నాడు.

"పాడవలేదండి. అది ఇలా ఉండాలనే అలా పెట్టారు. పైనున్న ఉపగ్రహాలు వాళ్ల సైన్యానివి. వాళ్ల సైనికుడికి సరైన లెక్క, మిగతా లోకానికి ఊగే లెక్క. పై నుంచి ఒకడు తాడు ఊపుతుంటే కింద మన చుక్క ఊగుతుంది. అదే తాడు పట్టుకుని కొండల మీద దారి వెతుక్కునే కుర్రాళ్లు మా దగ్గరా ఉన్నారు. ఇతన్ని లోపలికి పంపింది ఇతని కాళ్లు కాదండి."

ఇస్తారి ఇదంతా వింటున్నాడు. సంతోషం కలగాల్సిన చోట భయం కలిగింది. ఆ రోజు మిషన్ కొంచెం ఇటు ఊగి ఉంటే జవాన్లు తిట్టి పంపేసేవాళ్లు. అటు ఊగింది కాబట్టి ఇన్ని రోజులు. తను చేసిందీ లేదు, చేయనిదీ లేదు. బేడీ చేతితోనే రాయి పక్కన కూలబడ్డాడు. సుబేదారు తన సీసాలో నీళ్లు ఇచ్చాడు.

*

తొమ్మిదో రోజు వదిలారు. పూర్తిగా కాదు. ఫైలు పట్నం పోయింది, విచారణ ఇంకా ముగియలేదు అన్నారు. ప్రతి సోమవారం ఠాణాకు వచ్చి రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. చెప్పకుండా మండలం దాటకూడదు.

ఆ వానాకాలం చెరువు నిండింది. ఊళ్లోని బెస్తలు ఏటా పోయినట్టే దూరపు చెరువులకు గుంపుగా పోయి పది రోజులుండి చేపలు పట్టుకొచ్చారు. ఇస్తారి పోలేదు. సిద్దిపేటలో చెల్లెలి బిడ్డ పెళ్లయింది. యమున ఒక్కతే పోయి వచ్చింది. చెరువు వెనక గట్టుకు గోడ పక్కనుంచి దగ్గరి దారి ఉంది. ఇస్తారి ఆ దారి మానేసి, వల భుజాన వేసుకుని, రెండు మైళ్లు చుట్టూ తిరిగి పోయేవాడు. ఎవరైనా అడిగితే ముళ్లున్నాయనేవాడు.

సోమవారం వస్తుందంటే ఆదివారం పొద్దు వాలినప్పటి నుంచే మనిషి మాట తగ్గిపోయేది. పొద్దున స్నానం చేసి, ఉన్న ఒక్క తెల్ల చొక్కా వేసుకుని, బస్సెక్కి పోయేవాడు. ఒక్కోసారి రెండు నిమిషాల్లో పంపేవాళ్లు, ఒక్కోసారి మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చోబెట్టేవాళ్లు. లక్ష్మణ్ పటేలు ఒకసారి ఠాణాకు వేరే పని మీద వచ్చి, బెంచీ మీద ఇతన్ని చూసి, చూడనట్టు లోపలికి వెళ్లాడు. చెరువు వెనక ప్లాట్లన్నీ అప్పటికే అమ్ముడయ్యాయి.

మరుసటి ఏడు మే నెలలో నర్సయ్య ఇంటికొచ్చాడు. చేతిలో పేపరుంది.

"సూసినవా ఇస్తారీ? అమెరికావోళ్లు ఊపుడు బందు వెట్టిండ్రు. ఇప్పుడు అందరికీ సరైన లెక్కనే వస్తాంది. కొత్త మిషిన్ తెప్పించిన, ఈసారి బిల్లు గుడ ఉన్నది. రావల్కోల్‌ల యాభై ఎకరాలు కొలిచేదున్నది. నీ తీర్గ అంకెలు రాసేటోడు దొరుకుత లేడు."

ఇస్తారి వల కుడుతున్నాడు. సూది ఆపలేదు.

"జీపు గదేనా సారూ? మార్చినవా?"

నర్సయ్య ముఖం ఎర్రబడింది. పేపరు మడిచి పట్టుకుని వెళ్లిపోయాడు. యమున లోపలి నుంచి వచ్చి, "ఊపుడు బందయిందంటే నీ సంతకం గుడ బందు గావాలె గద?" అంది.

"అది వేరే తాడు," అన్నాడు ఇస్తారి.

అక్టోబరులో ఠాణాకు కొత్త హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు. కొత్త రిజిస్టర్ పెట్టాడు. ఆ సోమవారం ఇస్తారి బల్ల ముందు నిలబడి పేరు చెప్పగానే, ఆయన పేజీలన్నీ తిప్పాడు. లేచి బీరువాలోని పాత కాగితాలు తీశాడు.

"నీ పేరు లేదు."

"మంచిగ సూడుండ్రి సార్. ఇస్తారి. మిల్ట్రీ గోడ కేసు."

హెడ్ కానిస్టేబుల్ ఒక కాగితం దగ్గర ఆగాడు. వేలు పెట్టి చదివాడు. "ఫైలు మూసేసిండ్రు గదా. జూన్‌లనే ఆర్డరొచ్చింది. నాలుగు నెలలాయె. ఎందుకొస్తున్నవ్?"

"నాకెవలు జెప్పలే సార్."

"నువ్వడిగినవా?"

అడగవచ్చని అతనికి తెలియదు. జూన్ నుంచి ఆ రోజు దాకా పదహారు సోమవారాలు ఇదే బల్ల ముందు నిలబడి సంతకం పెట్టాడు. ఎవరో ఒకరు పుస్తకం జరిపి, పెన్ను ఇచ్చి, పొమ్మన్నారు. ఒక్కరూ కాగితం చూడలేదు.

"మరి ఇగ రావద్దని ఒక కాయితం ఇయ్యరా సార్?"

"రావద్దని కాయితం ఉంటదా? రమ్మనేందుకే కాయితం. పో, పో."

బయటికి వచ్చాక దుర్గాబాయి డబ్బా దగ్గర కూర్చున్నాడు. విషయం చెప్పాడు. ఆమె ఠాణా వైపు చూసి గట్టిగా ఉమ్మేసి, పైసలు తీసుకోకుండా చాయ్ పోసింది. ఇస్తారి దాన్ని చల్లారేదాకా చేతిలోనే పట్టుకున్నాడు.

ఇంటికొచ్చి చెబితే యమున నమ్మలేదు. కాగితం లేకుండా వాళ్లు మాట మారిస్తే ఎట్లా అని భయపడింది. మర్నాడు తనే పోయి హెడ్ కానిస్టేబుల్‌ను అడిగి, అదే మాట తన చెవులతో విని వచ్చింది. అప్పుడు గానీ ఆమె ముఖంలో నవ్వు రాలేదు.

ఆ తర్వాతి సోమవారం పొద్దున్నే ఇస్తారి లేచి స్నానం చేశాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. యమున పొయ్యి దగ్గరి నుంచి చూసింది. అతను రోడ్డు దాకా నడిచి, ఎప్పటి చోటే నిలబడ్డాడు. బస్సొచ్చింది. ఇన్నాళ్లుగా అతన్ని ఎరిగిన కండక్టర్ తలుపులోంచి తల బయటపెట్టాడు.

"ఎక్కన్నా, ఠాణా కాడ దింపుత."

"లేదు తమ్మీ," అన్నాడు ఇస్తారి. "నువ్వు పో."

కండక్టర్ విజిల్ వేశాడు. బస్సు కదిలిపోయింది. దుమ్ము తగ్గే దాకా ఇస్తారి అక్కడే ఉన్నాడు. తర్వాత ఇంటికి పోయి, చొక్కా విప్పి దండెం మీద వేసి, వల అందుకున్నాడు.